నర్సరీ క్లాసులో మొదటి ఆరు వారాలు: టీచర్లకి సమగ్ర మార్గదర్శి

జూన్ రెండో వారం దగ్గర పడుతోందంటే చాలు, కొత్తగా నర్సరీ క్లాసు చేతికొచ్చిన టీచర్లు అడగడం మొదలుపెడతారు. మొదటి రోజు ఏం చెప్పాలి, ఏడుస్తుంటే ఏం చేయాలి, సిలబస్ ఎప్పుడు ఎత్తుకోవాలి? ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు అంతా ఒకచోట పెడుతున్నా.

ముందే చెప్తున్నా, మొదటి రెండు వారాలు పాఠం అనేదే లేదు. బ్యాగు ఎక్కడ తగిలించాలి, బాత్రూమ్ వస్తే ఎవరికి చెప్పాలి, ఏడుపొస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏ పని అయ్యాక అమ్మ వస్తుంది. మూడేళ్ల పిల్లకి ఈ నాలుగూ తెలియాలి. అవి తెలియకుండా అ, ఆ దిద్దించడం మొదలుపెట్టారో, బోనాలు అయిపోయాక కూడా గుమ్మం దగ్గర ఏడుపులు వింటూనే ఉంటారు.

ఇది హైదరాబాద్‌లో మామూలు ప్రైవేటు స్కూలు నర్సరీ, పీపీ1 (ఎల్‌కేజీ) క్లాసుల కోసం రాస్తున్నది. ఇరవై మంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయమ్మ అనుకుందాం. 2013 నాటి జాతీయ ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, విద్య) విధానం కూడా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒక పెద్ద మనిషి ఉండాలనే అంటుంది. మీ దగ్గర ముప్పై మంది ఉంటే రెండో ఆయమ్మని ఇప్పుడే అడగండి, స్కూలు తెరిచాక అడిగితే ఎవరూ వినరు.

## 1. గది సిద్ధం చేయడం (తెరవడానికి వారం ముందు)

గదిలో నేల మీద కూర్చుని చుట్టూ చూడండి. నిలబడి చూస్తే కనిపించనివి అప్పుడు కనిపిస్తాయి: బెంచీ కింద లేచిన మేకు, వేలాడే కూలర్ వైరు, చేతికందే ప్లగ్గు. తలుపు సందు సంగతి మర్చిపోకండి, పిల్లల వేళ్లు నలిగేది అక్కడే. తలుపు పూర్తిగా మూసుకోకుండా పైన మందపాటి గుడ్డ కట్టండి.

బొమ్మలన్నీ ఒకేసారి బయట పెట్టకండి. నాలుగైదు రకాలు చాలు, మిగతావి అల్మరాలో ఉంచి వారానికొకటి తీయండి. ఖాళీ టిష్యూ రోల్ గొట్టం ఒకటి తెచ్చుకుని అనుమానం ఉన్న ప్రతి వస్తువునూ దానిలో వేసి చూడండి. జారి కింద పడిందంటే గొంతులో ఇరుక్కునే సైజు, ఆ వస్తువు ఈ గదిలో ఉండకూడదు. పూసలు, గోళీలు, బటన్ సెల్ ఉన్న బొమ్మలు ముందు పోవాలి.

గది మధ్యలో పొడుగ్గా ఖాళీ వదలకండి. ఖాళీ కనిపిస్తే పరిగెడతారు, మీరు రోజంతా "పరిగెత్తకండి" అని అరుస్తూ ఉంటారు. వంటింటి బొమ్మలు ఒక మూల, బ్లాకులు ఇంకో మూల, చాపా పుస్తకాలూ మరో మూల పెడితే దారి దానంతటదే మలుపు తిరుగుతుంది.

పేరు స్టిక్కర్లు అంటిస్తారు కదా, వాటి పక్కన బొమ్మ కూడా ఉండాలి. ఒక్కో పిల్లకి ఒక్కో గుర్తు: గొడుగు, చేప, ఆటో, మామిడికాయ. బ్యాగు తగిలించే కొక్కెం, కుర్చీ, నీళ్ల సీసా, అన్నిటి మీదా అదే గుర్తు. పేరు చదవడం రాని పిల్ల రెండో రోజుకే "నాది చేప" అని వెళ్లి తన కొక్కెం దగ్గర నిలబడుతుంది. గుర్తులు మీరే పంచండి. ఎంచుకోమంటే ఆరుగురు ఏనుగే కావాలంటారు.

తెరిచే ముందు రోజు ఇవి చూసుకోండి:

- గుమ్మం దగ్గర రెండు మందపాటి పట్టాలు, ఒక పొడి మాపు (వానాకాలం కదా)
- నాలుగు జతల స్పేర్ బట్టలు, పాత టవళ్లు
- ఫస్ట్ ఎయిడ్ డబ్బా, థర్మామీటరు
- పిల్లల ఎత్తుకి సబ్బు, చేతి టవలు. సింకు ఎత్తుగా ఉంటే జారని పీట
- బాత్రూమ్ తలుపు గడియ లోపలి నుంచి పడకుండా తీసేయడం
- అత్యవసర నంబర్ల కాగితం గోడ మీద: 108, 112, దగ్గర్లోని పిల్లల ఆస్పత్రి

గోడల అలంకరణ? చాలా తక్కువ చాలు. ఖాళీ గోడ ఉంచండి, వాళ్లు గీసినవి అంటించడానికి.

## 2. తల్లిదండ్రుల దగ్గర ముందే తెలుసుకోవాల్సినవి

అడ్మిషన్ ఫారంలో ఉండే వివరాలు ఆఫీసుకి పనికొస్తాయి, మీకు కాదు. మీరు వేరే ఒక పేజీ తయారు చేసుకుని అమ్మనో, నాన్ననో, పిల్లని రోజంతా చూసుకునే నానమ్మనో కూర్చోబెట్టి అడగండి.

- ఇంట్లో ముద్దుగా ఏమని పిలుస్తారు?
- బాత్రూమ్ వస్తే ఏ మాట అంటుంది? సుస్సు, పాస్, ఒంటికి, ఆయి, కక్కా... ఇంటికో మాట ఉంటుంది. మీకూ, ఆయమ్మకీ ఆ మాట తెలియకపోతే పాపం ఆ పిల్ల అడుగుతూనే ఉంటుంది, మీరు నవ్వుతూనే ఉంటారు, నిక్కరు తడిసిపోతుంది.
- ఇండియన్ టాయిలెట్ అలవాటా, కమోడా?
- తనే తింటుందా, తినిపించాలా? ఫోన్ చూపించందే తినదా? (తప్పు పట్టే గొంతుతో అడిగితే నిజం చెప్పరు.)
- ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటుంది?
- ఏ తిండి పడదు? ఆయాసం ఉందా? జ్వరం వస్తే ఫిట్స్ వచ్చిన సందర్భం ఉందా?
- తీసుకెళ్లడానికి ఎవరెవరు వస్తారు? ఫోటో, ఫోన్ నంబరు.

చివరి ప్రశ్న దగ్గర మొహమాటం వద్దు. లిస్టులో లేని మనిషి వచ్చి "నేను బాబాయిని" అన్నా, పిల్ల వెళ్లి ఆయన కాళ్లు చుట్టేసుకున్నా, ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపండి. ఆ బాబాయికి కోపమొస్తే రానివ్వండి.

ఇంట్లో చేయించమని చెప్పాల్సినవి మూడే: టిఫిన్ డబ్బా మూత తనే తీయడం, చెప్పు తనే వేసుకోవడం, పది నిమిషాలు ఫోన్ లేకుండా కూర్చుని తినడం. లేసులున్న బూట్లు, బెల్టు ప్యాంట్లు వద్దనండి. బంగారు గొలుసులు, వదులుగా ఉన్న చెవిపోగులు కూడా. పోతే వెతకలేం, పైగా గొలుసు ఎక్కడైనా తట్టుకుంటే మెడకి ప్రమాదం.

ఇంకొకటి, మొదటి రెండు వారాలు ఆటో, వ్యాన్ వద్దని గట్టిగా చెప్పండి. ఇంటి వాళ్లే దింపాలి, ఇంటి వాళ్లే తీసుకెళ్లాలి. ముక్కూ మొహం తెలియని డ్రైవరు, కొత్త స్కూలు, కొత్త టీచరు మూడూ ఒకేసారి అంటే ఆ వయసుకి చాలా ఎక్కువ.

## 3. అందరినీ ఒకేసారి పిలవకండి

ఇరవై మంది ఒకేసారి వస్తే ఒక్క ఏడుపు ఐదు నిమిషాల్లో ఇరవై ఏడుపులవుతుంది. అందుకే ఇలా:

మొదటి మూడు రోజులు: రెండు బ్యాచులు, పది మంది చొప్పున. ఒక బ్యాచ్ 9 నుంచి 10:15, ఇంకోటి 10:45 నుంచి 12. మధ్యలో అరగంట మీకూ ఆయమ్మకీ ఊపిరి తీసుకోవడానికి, నేల తుడవడానికి.

మొదటి వారంలో మిగిలిన రోజులు: అవే బ్యాచులు. గదిలోనే చిన్న స్నాక్ కలపండి.

రెండో వారం: అందరూ కలిసి, రెండు గంటలు.

మూడో వారం నుంచి: పూర్తి టైమ్.

జూన్ 12న తెరిచే స్కూలు వారం మధ్యలో మొదలైతే ఈ లెక్క కాస్త జరుగుతుంది, అంతే. మేనేజ్‌మెంట్ ఒప్పుకోకపోతే కనీసం మొదటి మూడు రోజులు సగం పూట అడగండి. ఫీజు కట్టిన వాళ్లు అడుగుతారు మేడమ్ అంటారు, కానీ తల్లిదండ్రులకి ముందే కారణం చెప్పిన చోట పెద్దగా గొడవ రాదు.

## 4. గుమ్మం దగ్గర ఏడుపు

అందరికీ టెన్షన్ ఇక్కడే. ఏడుపు మామూలు విషయం, ఏడ్చే పిల్లలో లోపం లేదు, మీలోనూ లేదు. ఆపడం మీ పని కాదు. ఆ ఏడుపులో ఆ పిల్లకి తోడుగా ఉండడమే పని.

వరస ఇది:

1. గుమ్మం దగ్గర మీరే ఉండండి. రోజూ అదే మనిషి, అదే చోటు. ఆ టైమ్‌లో రిజిస్టరు, ఫోను, ఫీజు మాటలు వద్దు.
2. మోకాళ్ల మీద కూర్చోండి. ముందు పిల్లని పేరు పెట్టి పలకరించండి, తర్వాతే అమ్మతో మాట్లాడండి.
3. అమ్మ ఒకటే మాట చెప్పాలి, రోజూ అదే మాట: "టిఫిన్ తిని, ఆడుకున్నాక వస్తాను." ఒక ముద్దు, టాటా, వెళ్లిపోవాలి. ఒక నిమిషం దాటకూడదు.
4. పిల్లని అమ్మ చంకలోంచి లాక్కోకండి. నడిచి వస్తే మంచిది. రాకపోతే అమ్మే మీ చేతికి ఇవ్వాలి.
5. "ఏడవకు, ఛీ, అందరూ నవ్వుతారు" వద్దు. "అమ్మ కావాలనిపిస్తోందా? టిఫిన్ తిన్నాక వస్తుంది" అనండి. "ఇప్పుడే వస్తుంది" అనకండి, రాదు కాబట్టి.
6. చేతికి ఒక పని ఇవ్వండి. క్రేయాన్లు డబ్బాలో సర్దడం, మొక్కకి నీళ్లు పోయడం, ఆయమ్మతో కలిసి చాప పరచడం. బొమ్మ ఇస్తే విసిరేసే పిల్ల కూడా పని ఇస్తే చేస్తుంది.

పిల్ల అటు చూడగానే ఇటు జారుకునే తల్లిదండ్రులు చాలామంది. ఆ రోజుకి గుమ్మం దగ్గర ఏడుపు తప్పుతుంది నిజమే, కానీ మర్నాటి నుంచి ఆ పిల్ల కొంగు వదలదు, ఎందుకంటే కళ్లు తిప్పితే అమ్మ మాయమవుతుందని తెలిసిపోయింది. జారుకోవద్దని మొదటి మీటింగులోనే చెప్పేయండి.

ఇక తాతయ్యలు. దింపేసి వెళ్లరు. కిటికీ పక్కన నిలబడి, ఊరుకున్నాడో లేదో చూద్దామని ఒక్కసారి తొంగి చూస్తారు. మనవడు చూస్తాడు. సద్దుమణిగిన క్లాసు మొత్తం మళ్లీ మొదలు. కిటికీ కింది సగానికి కాగితం అంటించండి, తాతయ్యకి పది నిమిషాల తర్వాత ఒక ఫోటో పంపిస్తానని చెప్పండి, పంపండి. ఒక్క ఫోటోనే. రెండోది పంపారంటే రోజంతా అడుగుతారు.

చాలామంది పది, పదిహేను నిమిషాల్లో ఏదో ఒక ఆటలో పడతారు. అరగంట దాటినా ఏమాత్రం తగ్గకపోయినా, ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకున్నా ఇంటికి ఫోన్ చేయండి, మర్నాడు టైమ్ తగ్గించండి. అలాంటి పిల్లకి నలభై నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవచ్చు.

కొంతమంది మొదటి రెండు రోజులు కొత్త బొమ్మల మోజులో నవ్వుతూ వచ్చి మూడో రోజో నాలుగో రోజో ఏడుపు మొదలుపెడతారు. రోజూ రావాలని అర్థమయ్యేది అప్పుడే. సోమవారాలు కూడా ఇంతే. బోనాల సెలవు, జ్వరంతో వారం మానేయడం, ఊరెళ్లి రావడం, దేని తర్వాతైనా ఒకట్రెండు రోజులు వెనక్కి వెళ్తారు. కంగారు పడకుండా మళ్లీ అదే వరస.

ఏడవని పిల్లని కూడా చూడండి. ఒక మూల బ్యాగు ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి కదలకుండా కూర్చునే పిల్లని "మంచి పాప" అని వదిలేస్తారు. ఆ బ్యాగు లాక్కోకండి. పక్కన కూర్చుని మీరు బ్లాకులు పేర్చండి, మాట్లాడక్కర్లేదు. కాసేపటికి ఒక చెయ్యి బ్యాగు మీంచి లేచి బ్లాకు మీదకి వస్తుంది.

## 5. రోజూ ఒకే క్రమం

మూడేళ్ల పిల్లకి గడియారం తెలీదు, ఒకదాని తర్వాత ఒకటి ఏం వస్తుందో తెలుస్తుంది. కాబట్టి టైమ్ అటూ ఇటూ అయినా వరస మారకూడదు.

- వచ్చి బ్యాగు తగిలించడం, ఇష్టమైన మూలలో ఆట
- గుండ్రంగా కూర్చోవడం: ఒక పాట, పేర్లు పిలవడం (మొదట ఐదు నిమిషాలు, ఆరో వారానికి పది)
- బాత్రూమ్, చేతులు కడగడం, టిఫిన్
- బయట ఆట. వాన పడితే వరండాలో
- చేతి పని: పిండి ముద్ద, కాగితం చింపడం, లావు క్రేయాన్లు
- కథ, బ్యాగు వేసుకోవడం, అమ్మ

ఒక్కో దానికీ మీ గదిలోనే, మీ పిల్లలతోనే ఫోటో తీసి వరసగా వాళ్ల కళ్ల ఎత్తులో అంటించండి. చివరి ఫోటో గేటు దగ్గర నిలబడ్డ అమ్మలది. "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని పదోసారి అడిగినప్పుడు పిల్లని అక్కడికి తీసుకెళ్లి, ఇప్పుడు ఇక్కడున్నాం, ఇంకా రెండు ఉన్నాయి అని వేలు పెట్టి చూపించండి.

ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడే గోల అవుతుంది. రోజూ అదే చిన్న పాటో, చప్పట్ల వరసో పెట్టుకోండి. అరిస్తే మొదటి వారం వింటారు, తర్వాత వినరు.

## 6. చిన్న పనుల్ని ముక్కలు చేసి నేర్పండి

చేతులు కడగడం: స్లీవులు పైకి, తడి, సబ్బు, ఇరవై సెకన్లు రుద్దడం, కడగడం, తుడవడం. ఒకేసారి ముగ్గురికి మించి వద్దు. మిగతా వాళ్లు ఆయమ్మతో పాట పాడుతూ ఉండాలి, లేకపోతే లైన్‌లో తోపులాటే.

టిఫిన్: మొదటి వారం ఖాళీ డబ్బాలతో ఆట ఆడించండి. మూత తీయడం, పెట్టడం, రుమాలు పరవడం. స్టీలు డబ్బా క్లిప్పు చిన్న వేళ్లకి లొంగదు. బొటనవేలు క్లిప్పు కింద ఎలా దూర్చాలో మీ వేలు పైన పెట్టి చూపించండి, ఆఖరి కొంచెం వాళ్లనే తీయనివ్వండి. టక్‌మని తెరుచుకున్నప్పుడు ఆ మొహం చూడాలి. పెరుగన్నం, ఇడ్లీ ముక్కలు, చిన్న దోసె లాంటివి పెట్టమనండి. వేరుశనగ గింజలు, పాప్‌కార్న్, మొత్తం ద్రాక్షపండు వద్దు. ద్రాక్ష పెడితే నిలువునా నాలుగు ముక్కలు. తినకపోతే బలవంతంగా కుక్కకండి, ఎంత తిందో ఇంటికి నిజం చెప్పండి.

బాత్రూమ్: అడిగే దాకా ఆగకండి. వచ్చిన గంటకి, టిఫిన్ ముందు, బయటికెళ్లే ముందు మీరే తీసుకెళ్లండి. జెట్ స్ప్రే చప్పుడికి భయపడే పిల్లలుంటారు, మగ్గు వాడండి. తడిస్తే అందరి ముందూ అనకుండా మార్చండి. శుభ్రం చేసే పని ఆయమ్మదైనా తలుపు తెరిచే ఉండాలి, ఇంకో పెద్ద మనిషికి కనిపించేలా ఉండాలి. ఇందులో మినహాయింపుల్లేవు.

## 7. రకరకాల భాషల పిల్లలు

హైదరాబాద్ క్లాసులో తెలుగు, ఉర్దూ, హిందీ ఎలాగూ ఉంటాయి. కొండాపూర్, మియాపూర్ వైపైతే ఒడియా, తమిళం, బెంగాలీ కూడా. ఏ భాష పిల్ల అయినా ఆరు మాటలు ఆ పిల్ల భాషలో నేర్చుకోండి: నీళ్లు, బాత్రూమ్, నొప్పి, ఆకలి, వద్దు, అమ్మ వస్తుంది. వాళ్ల అమ్మ చేత ఫోన్‌లో రికార్డు చేయించుకుంటే సరిపోతుంది.

"ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి" రూల్ ఈ ఆరు వారాలు పక్కన పెట్టండి. భయంలో ఉన్న పిల్లకి అర్థమయ్యే భాషే కావాలి. ఇంటి భాష వేరే అయిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కూడా నోరు విప్పకపోవచ్చు. వింటూ, చెప్పింది చేస్తూ ఉంటే కంగారు అక్కర్లేదు.

## 8. వాన, జ్వరాలు, లేటు

స్కూళ్లు తెరిచేదీ, వానలు మొదలయ్యేదీ ఒకేసారి. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే పంపమని మొదటి రోజే రాసివ్వండి. పొద్దున్నే సిరప్ తాగించి పంపితే పదకొండింటికి మళ్లీ కాగుతుంది, అప్పటికి పక్క పిల్లలకి అంటేసి ఉంటుంది. జ్వరంతో పాటు నోట్లో పుళ్లు, అరచేతుల్లో, పాదాల్లో పొక్కులు కనిపిస్తే హ్యాండ్ ఫుట్ మౌత్ అనే అంటుకునే జబ్బు అయి ఉండొచ్చు. విడిగా కూర్చోబెట్టి ఇంటికి ఫోన్ చేయండి, డాక్టరుకి చూపించమనండి, ఆ రోజు బొమ్మలన్నీ కడగండి.

వాన పడితే ట్రాఫిక్ సంగతి తెలిసిందే, ఇంటికెళ్లే టైమ్‌కి గంట లేటవుతారు. స్నేహితులంతా వెళ్లిపోయి తనొక్కతే మిగిలితే, అప్పటిదాకా బాగున్న పిల్ల కూడా బెంబేలెత్తుతుంది. అందుకని ఒక "లేటు పెట్టె" ఉంచండి: మామూలు టైమ్‌లో ఎప్పుడూ బయటికి తీయని రెండు బొమ్మలు, ఒక పుస్తకం, బిస్కెట్లు. గేటు దగ్గర కాకుండా గదిలోనే కూర్చోబెట్టండి.

## 9. కొరకడం, కొట్టడం

మాట ఇంకా సరిగా రాని వయసు, బొమ్మ లాక్కుంటే నోరే ముందుకొస్తుంది. ముందు దెబ్బ తగిలిన పిల్లని దగ్గరికి తీసుకోండి. కొరికిన పిల్లకి ఒక్క మాట: "కొరికితే నొప్పి. నాకివ్వు అని అడుగు." ఉపన్యాసం వద్దు, మూల నిలబెట్టడం వద్దు, బలవంతపు సారీ అసలే వద్దు.

పంటి గాటుని సబ్బు, నీళ్లతో కడగండి. తోలు లేస్తే డాక్టరుకి చూపించమనండి. ఇద్దరి ఇళ్లకీ సాయంత్రం లోపు మీరే చెప్పండి, కానీ కొరికింది ఎవరో రెండో వాళ్లకి చెప్పకండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో అయితే ఒక్క ముక్క కూడా రాయకండి.

అదే బొమ్మ కోసం పదే పదే గొడవ అవుతుంటే పిల్లల్ని కాదు, బొమ్మల్ని చూడండి. అలాంటివే రెండు పెట్టండి.

## 10. ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుకునే దారి

రెండో వారంలోనే పెన్సిల్. వేళ్లలో బలం లేదు, పిడికిలితో పట్టుకుంటారు, ఆ పట్టు తర్వాత మార్చడం కష్టం. మొదలుపెట్టేసి ఉంటే ఆపేయండి, పిండి ముద్దకీ క్రేయాన్ ముక్కలకీ వెళ్లండి. నోట్లో పెట్టుకోకుండా మీరు పక్కనే ఉండి, క్రేయాన్ విరిచి చిన్న ముక్క ఇస్తే మూడు వేళ్లతోనే పట్టుకోక తప్పదు.

"ఈ రోజు ఏం రాయించారు మేడమ్?"కి లొంగిపోవడం. దానికి జవాబు రోజూ చిన్న వాక్యంగా పంపండి: "ఈ రోజు మూత తనే తీసుకుంది." 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ (మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల) జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా ఈ వయసుకి ఆటనే ముందు పెట్టిందని మీటింగులో చూపిస్తే సగం మంది ఊరుకుంటారు. మిగతా సగం పక్క స్కూలు పిల్లవాడి నోట్‌బుక్ చూపిస్తారు, నవ్వి ఊరుకోండి.

ఆయమ్మకి ఏమీ చెప్పకపోవడం. మీరు ఒకటి, ఆవిడ ఒకటి అంటే పిల్ల ఆవిడ మాటే నమ్ముతుంది, ఎత్తుకునేది ఆవిడే కాబట్టి. రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకోండి. పిల్లల గురించి ఆవిడకి తెలిసినంత మీకు తెలీదు.

రూల్స్ పది పెట్టడం. మూడు చాలు: నడుద్దాం, మెల్లగా ముట్టుకుందాం, తీసింది అక్కడే పెడదాం. "వద్దు"తో మొదలయ్యే రూల్ ఏదైనా ఏం చేయాలో చెప్పేలా మార్చండి.

పోలిక. "చూడు, అన్వి ఏడవట్లేదు" లాంటివి. ఆ మాటతో ఇద్దరికీ చెరుపే.

## 11. ఆరో వారం చివర చూసుకోవాల్సినవి

ప్రతి పిల్లకీ ఒక కాగితం తీసి వీటికి టిక్ పెట్టండి:

- గుమ్మం దగ్గర ఐదు నిమిషాల్లో సర్దుకుంటోందా
- తన గుర్తు, తన కొక్కెం తెలుసా
- బాత్రూమ్, నీళ్లు మాటతోనో సైగతోనో అడుగుతోందా
- పెద్దవాళ్లలో ఒక్కరి దగ్గరికైనా తనంతట తను వస్తోందా
- కనీసం ఒక పిల్ల పక్కన ఆడుకుంటోందా

ఒకట్రెండు టిక్కులు పడకపోతే ఇంకో నెల ఆగొచ్చు. కానీ పేరు పిలిస్తే తిరగకపోవడం, ఇంటి భాషలో కూడా రెండు మూడు మాటలు కలిపి మాట్లాడకపోవడం, కళ్లలోకి అసలు చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం గమనిస్తే ఆగకండి. ఏ రోజు, ఏ పనిలో, ఏం చూశారో తేదీలతో రాసుకుని, అమ్మానాన్నలిద్దరినీ పిలిచి విడిగా మాట్లాడండి. జబ్బు పేర్లు మీరు చెప్పకండి, అది మన పని కాదు. చూసింది చెప్పి, ముందు చెవుల పరీక్ష, తర్వాత పిల్లల డాక్టరు అని చెప్పండి. ఎదుగుదల పరీక్షలకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న ఆ కాగితం జిరాక్స్ తీసి వాళ్ల చేతికి ఇవ్వండి.